రోబో అన్న ఆ ‘ఊఁ’ నాది

సంపాదకులకు నమస్కారం,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో, వృద్ధాశ్రమంలో అవ్వలతో తెలుగులో ముచ్చట్లు పెట్టిన రోబో గురించి పేజీ మొత్తం వేశారు. ఫొటో బాగా వచ్చింది. ఆ తెల్ల ప్లాస్టిక్ బొమ్మ, దాని ఎదురుగా కుర్చీలో ముందుకు వంగి కూర్చున్న ఒక పెద్దావిడ వీపు. కథనం చివర మీ విలేకరి ఒక ప్రశ్న వేసి పాఠకులను స్పందించమన్నారు: అంతమందిని మాట్లాడించిన ఆ రోబో పేరు డాక్యుమెంటరీ టైటిల్స్‌లో సహ దర్శకుడిగా, పరిశోధన పత్రంలో సహ రచయితగా వేయాలా, వద్దా అని.

స్పందిస్తున్నాను. ఆ రోబోకి తెలుగు రాదు. పక్కనున్న సామాన్ల గదిలో, బియ్యం బస్తాల మధ్య స్టూలేసుకుని కూర్చుని ఆ తెలుగంతా నేనే టైప్ చేశాను.

ఏదో మోసం బయటపెడుతున్నానని అనుకోకండి. ఈ పద్ధతి ఆ రంగంలో అందరికీ తెలిసిందే, ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ అంటారు. పిల్లల కథలో తెర వెనక నక్కి మహా మాంత్రికుడిలా గొంతు మార్చి మాట్లాడే మామూలు మనిషి ఒకాయన ఉంటాడు, ఆయన పేరు మీద వచ్చింది. యంత్రానికి ఇంకా చేతకాని పనిని మనిషి చాటుగా చేస్తాడు, యంత్రమే చేస్తోందనుకున్నప్పుడు ఎదుటివాళ్లు ఎలా ఉంటారో పరిశోధకులు చూస్తారు. పత్రంలో ఆ సంగతి రెండు వాక్యాల్లో ఉంది కూడా. డాక్యుమెంటరీలో లేదు. మీ కథనంలో అసలే లేదు.

నా పని ఇంటర్వ్యూలు విని రాసిపెట్టడం. సర్వేల వాళ్లు, పీహెచ్‌డీ పిల్లలు, సినిమాలు తీసేవాళ్లు రికార్డింగులు పంపిస్తారు, నేను విని తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు చేసి పంపుతాను. ఈ డాక్యుమెంటరీ తీసి, పత్రం రాసిన బృందం కూడా నాకు అలా పరిచయమైందే. విదేశం నుంచి తెచ్చిన ఆ బొమ్మకు చాలా భాషలొచ్చు గానీ తెలుగు లేదు, మీరు టైప్ చేస్తే అది పలుకుతుంది, నెల రోజుల పని అన్నారు. రోజుకింత అని ఇచ్చారు, సమయానికే ఇచ్చారు, డబ్బు దగ్గర నాకే పేచీ లేదు.

నా టైపింగ్ రెండు వేళ్ల టైపింగ్. ఒత్తులు, సున్నాలు వెతుక్కునేసరికి ఒక్కో జవాబుకు ఐదారు సెకన్లు పట్టేది. అంతసేపూ బొమ్మ తల కొంచెం వంచి, కళ్ల దగ్గర నీలం లైట్లు మినుకుమినుకుమంటూ ఉండేది. మొదటి రోజే ఒకావిడ పక్కావిడతో అంటోంది, నాకు హెడ్‌ఫోన్స్‌లో వినబడుతోంది: “సోంచాయించి మాట్లాడ్తది సూడు, మా మనుమనోలె గాదు.” పత్రం వచ్చాక చూస్తే అందులో, జవాబులోని జాప్యాన్ని వృద్ధులు శ్రద్ధగా భావించారని ఒక పేరా ఉంది! ఇంకో చోట రోబో సరళమైన చిన్న మాటలు వాడటం వల్ల చనువు పెరిగిందని రాశారు. అవి చిన్న మాటలు ఎందుకయ్యాయంటే పెద్ద మాటలు టైప్ చేయడం నా వల్ల కాక. ‘క్షేమంగా ఉన్నారా’ అని కొట్టేలోపు ‘బాగున్నారా’ రెండుసార్లు కొట్టొచ్చు.

ఇక మీరు పెద్దక్షరాల్లో వేసిన ఆ కరెంటు జోకు సంగతి. ఆ పెద్దావిడను పరిశోధనలో పి7 అంటారు, అంటే మాట్లాడిన వాళ్లలో ఏడో మనిషి అని. నేనూ ఇక్కడ పి7 అనే రాస్తాను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆవిడ వచ్చి కూర్చుని, మనింటికి ఎవరొచ్చినా మొదట అడిగే మాటే అడిగింది: “తిన్నవా బిడ్డా?” నా చేతులు ఆగిపోయాయి. బొమ్మ మనిషినని చెప్పుకోకూడదని నాకు ముందే చెప్పారు, కాబట్టి తిన్నానంటే అబద్ధం, తినలేదంటే ఆవిడ బాధపడుతుంది, లేచి వెళ్లి ఇంత అన్నం పట్టుకొచ్చినా పట్టుకొస్తుంది. ఏమీ తోచక “నేను కరెంటు తింటానవ్వా” అని కొట్టాను. బొమ్మ పలికింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, “మరి బిల్లెవలు గడ్తరు?” అని, దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు డాక్యుమెంటరీలో ఉంది, మీ కథనం శీర్షికలో ఉంది, పత్రంలో ‘రోబో హాస్య చతురత’ అనే ఉపశీర్షిక కింద ఉంది.

ఆ జోకు ఎవరిది? మా అమ్మ పాత ఫ్రిజ్‌ను తిడుతూ రోజూ అనే మాట అది, “ఇది కరెంటు తింటోంది” అని. నేను అక్కడి నుంచి ఎత్తాను. అసలు నవ్వొచ్చేది నా మాటకు కాదు, ఆవిడ మాటకు. బిల్లెవరు కడతారన్నదే జోకు. మరి దాన్ని తయారు చేసిన మనిషి పత్రంలో ఒక అక్షరం, ఒక అంకె. నేను ‘స్థానిక సహాయకులకు కృతజ్ఞతలు’ అన్న వాక్యంలో ఉన్నాను, అది కూడా బహువచనంలో. హాస్య చతురత మాత్రం బొమ్మకు దక్కింది.

చిన్నప్పుడు మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. తెర మీద కేతిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే పడీపడీ నవ్వేవాళ్లం, అయినా తెర వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలుసు, ఆట అయ్యాక వాళ్లకే బియ్యం పోసేవాళ్లు. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కేతిగాడికి ఇవ్వలేదు కదా. ఆయనకే ఇచ్చారు, ఆడించేది ఆయన కాబట్టి. పద్మశ్రీ దాకా తెలిసిన ఈ సంగతి ప్లాస్టిక్ బొమ్మ రాగానే ఎందుకు మర్చిపోతామో నాకు అర్థం కాదు.

బొమ్మ ముందు తబ్బిబ్బవడం మనకు కొత్తేం కాదు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు పెట్టినప్పుడు ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ వేదిక మీద ‘మిత్ర’ అనే రోబోతో కార్యక్రమం మొదలుపెట్టారు. అది బెంగళూరు కంపెనీ చేసింది, అయినా ఆ రోజు అందరి నోటా మిత్రే గానీ దాన్ని చేసినవాళ్ల మాట ఎంతమంది నోట వినిపించింది? తర్వాత మూడు నెలలకు, 2018 ఫిబ్రవరిలో ఐటీ మహాసభలకు సోఫియా వచ్చింది, అప్పటికే సౌదీ అరేబియా పౌరసత్వం ఇచ్చేసిందని పేరు మోసిన రోబో. దాన్ని సాక్షాత్తూ మనిషిని అడిగినట్టు ప్రశ్నలడిగారు. మీ పత్రికే కాదు, అందరూ అంతే. రోబో అన్నది అని రాస్తే వార్త, రోబో చేత అనిపించారు అని రాస్తే వార్త కాదు.

మీ విలేకరి ఎత్తిన ప్రశ్న మరీ ఊహల్లోది కూడా కాదు, నిజంగా రోబోలతో డాక్యుమెంటరీ తీయించినవాళ్లున్నారు. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకున్న అలెగ్జాండర్ రెబెన్ అట్టముక్కలతో చిన్న చిన్న రోబోలు చేసి జనం మధ్య వదిలాడు. నవ్వు మొహం, చిన్నపిల్లాడి గొంతు, లోపల కెమెరా. అవి చొరవగా అడుగుతాయి, నువ్వు ఎవరిని ఎక్కువ ప్రేమిస్తావు, ఇంకొకరికి నువ్వు చేసిన అన్యాయం ఏమిటి అని. ముక్కూమొహం తెలియని మనిషి మైకు పెట్టి అడిగితే చెప్పని సంగతులు జనం ఆ అట్టపెట్టెకు చెప్పారు. రోబోలు తీసిన సినిమా అంటూ 2012లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవంలో చూపించారు. నాకు దాని మీద కోపం లేదు, మంచి ఆలోచన. కానీ ఆ ప్రశ్నలు రాసింది ఎవరు, ఆ గొంతు చిన్నపిల్లాడిది అయితే బాగుంటుందని అనుకున్నది ఎవరు, ఇనుము కాదు అట్ట వాడదాం, అట్ట అయితే ఎవరూ భయపడరు అని తేల్చింది ఎవరు? ఇవన్నీ దర్శకుడి పనులే కదా. అట్టపెట్టె చేసింది ఒకటే, వెళ్లి నిలబడటం.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఇది మన జహీరాబాద్ వైపు ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నది. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు రెండు దశాబ్దాలకు పైగా కెమెరా పట్టి సొంతంగా సినిమాలు తీస్తున్నారు, చదువు రానివాళ్లు, వరంగల్ జిల్లా రైతుల బీటీ పత్తి గోడు కూడా తీశారు. వాళ్లు షాట్లకు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసేది పటేల్ ముందు నిలబడ్డ జీతగాడి చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీద ఒక్క ఎత్తున కూర్చుంటారు కాబట్టి. సినిమా స్కూళ్లలో ఎన్ని పుస్తకాలు చదివితే ఈ మాట వస్తుంది! ఆ లెక్కన ఈ చిన్న రోబోలన్నీ జీతగాడి చూపుతో చూసేవే. మోకాలి ఎత్తుండి, మొహం పైకెత్తి, వినయంగా అడుగుతాయి. మన బొమ్మ కూడా అంతే. అందుకే మన పెద్దవాళ్లు మనసు విప్పుతారు. చూసే మనిషి మాత్రం ఆ బొమ్మ దగ్గర ఉండడు. రికార్డింగ్‌ను తర్వాత ఎక్కడో ఏసీ గదిలో, పెద్ద తెర మీద, ఎక్కడ కోయాలి, ఎక్కడ ఉంచాలి అని చూసేవాడిది పటేల్ షాటే.

మాట్లాడే రోబోలతోనే ఈ తంటా అనుకుంటా. జపాన్‌లో షిబాటా తకనోరి అనే శాస్త్రవేత్త చేసిన ‘పారో’ అని ఒకటుంది, తెల్ల బొచ్చు సీల్ పిల్ల బొమ్మ, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల ఒళ్లో పెడతారు, నిమిరితే కదులుతుంది, కూస్తుంది, అంతే. మాటలు లేవు. పిల్లినో కుక్కనో చేస్తే జనం అసలుదానితో పోల్చి పెదవి విరుస్తారని, ఎవరూ దగ్గరగా చూడని సీల్‌ను ఎంచుకున్నారు. 2009లో అమెరికాలో దానికి వైద్య పరికరంగా అనుమతి కూడా వచ్చింది. మాటే లేనప్పుడు ఆ మాట ఎవరిదన్న గొడవ ఉండదు.

సరే, సహ రచయిత ప్రశ్నకు వస్తాను. మీరు అడిగారు కాబట్టి కాస్త చదివాను. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పరిశోధన ఆలోచనలోనో డేటా సేకరణలోనో విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి, పత్రం రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, అచ్చుకు ముందు సరేననాలి, తర్వాత ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాలి. నాలుగూ ఉంటేనే రచయిత. 2023 మొదట్లో చాట్‌జీపీటీని సహ రచయితగా వేసిన పత్రాలు కొన్ని వచ్చినప్పుడు ‘నేచర్’, ‘సైన్స్’ లాంటి పత్రికలు కుదరదన్నాయి, ‘నేచర్’ అయితే ఈ చివరి షరతు పట్టుకునే అన్నది. తప్పు జరిగితే యంత్రాన్ని పిలిచి అడగలేం కదా. ఈ కొలతతో చూస్తే నేనూ రచయితను కాను, నాలుగింట్లో ఒకటే నాది, ఒప్పుకుంటాను. నాకు ఆ పేరు అక్కర్లేదు. కానీ ‘రోబో ఇలా అన్నది’ అని రాసిన ప్రతిచోటా ‘రోబో ద్వారా ఆపరేటర్ ఇలా అన్నారు’ అని రాయడానికి ఏ నియమం అడ్డొచ్చింది?

సినిమా సంగతి ఇంకా విచిత్రం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు ‘రచయిత’ ఎవరో తెలుసా? నిర్మాత. దర్శకుడు కూడా కాదు. కంప్యూటర్ తయారు చేసిన రచనలకు, అది తయారయ్యేలా చేసిన వ్యక్తి రచయిత అని 1994 సవరణలో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో బొమ్మకూ చోటు లేదు, నాకూ లేదు, ఆ బిల్లెవరు కడతారన్న ఆవిడకూ లేదు. రోబోకు టైటిల్ ఇవ్వాలా అని ఊరంతా చర్చ పెడితే అది చాలా విశాల హృదయంలా కనిపిస్తుంది గానీ, దానికి ఇచ్చినా ఎవరి ఖజానా తరగదు. రోబో వాటా అడగదు. ఫలానా ముక్క తీసేయమనీ అడగదు.

తీసేయమన్న మాట ఊరికే వాడలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం, మిగిలిందంతా దారి ఖర్చు.

మనవాళ్లకు కథ చెబుతుంటే ఎవరైనా ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే కథ ముందుకు నడవదు. నేను ‘ఊఁ’ అని టైప్ చేస్తే ఆ కంప్యూటర్ గొంతు ఏదో బర్రె అరిచినట్టు అరిచేది, మొదటి రోజు ఇద్దరు జడుసుకున్నారు. అప్పుడు ఒక కుర్రాడు ఉపాయం చెప్పి, నా చేత రెండు మూడు రకాలుగా ‘ఊఁ’ అనిపించి రికార్డు చేసి ఒక బటన్‌కు పెట్టాడు. బొమ్మ మాటలన్నీ కంప్యూటర్ గొంతు, ఆ ఒక్క ఊఁ మాత్రం నా గొంతు. ఆ బటన్ వచ్చాక పెద్దవాళ్లు ఆగకుండా చెప్పారు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేనప్పుడు పి7 వచ్చి తలుపు దగ్గరికి వేసి, బొమ్మకు ఒక సంగతి చెప్పింది. నేను బియ్యం బస్తాల మధ్య కూర్చుని విన్నాను. ఎక్కువేమీ టైప్ చేయలేదు, బటన్ నొక్కుతూ పోయాను. ఆ సంగతి ఏమిటో ఇక్కడ రాయను. సంతకం పెట్టించుకున్న కాగితంలో ‘సంభాషణ రికార్డు అవుతుంది’ అని ఉంది, పక్క గదిలో ఒక మనిషి కూర్చుని వింటుంది అని లేదు.

1966లో ఎంఐటీలో వైజెన్‌బామ్ అనే ఆయన ‘ఎలైజా’ అని, టైప్ చేస్తే జవాబిచ్చే ప్రోగ్రాం రాశాడు. అది తయారవుతుండగా నెలల తరబడి దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు కాగానే, మీరు కాస్త గది బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగిందట. పాపం ఆయన వెళ్లగలిగాడు. నేను వెళ్తే బొమ్మ మూగదైపోతుంది.

పోయిన ఆదివారం మీ పేపరు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లాను. పి7 ఫొటో చూసి “ఇది నా చీరే” అంది. వరండాలో కూర్చున్నాం, మోకాళ్ల నొప్పి గురించి, కొత్తగా వచ్చిన వంటమనిషి ఉప్పు తక్కువేయడం గురించి చెబుతోంది, నేను అలవాటు కొద్దీ “ఊఁ” అన్నాను. ఆగింది. “ఏదీ, మల్ల అను” అంది. అన్నాను. చాలాసేపు నా మొహంలోకే చూసింది.

“నువ్వేనా?”

“నేనే అవ్వా.”

ఆ తర్వాత ఆవిడ నవ్వుతుందని, బిల్లు మాట ఎత్తుతుందని నేను ఎదురుచూశాను, నిజం చెప్పొద్దూ. నవ్వలేదు. “గా ముచ్చట నేను నీకు జెప్పలే. దానికి జెప్పిన” అంది. కొంచెం ఆగి, “తీసెయ్యమను” అంది.

అదే రాత్రి బృందానికి మెయిల్ పెట్టాను. మర్నాడే మర్యాదగా జవాబొచ్చింది: మొహం కనబడటం లేదు, పేరు బదులు అంకె వాడాం, అనుమతి పత్రం ఉంది, సినిమా ఇప్పటికే ప్రదర్శనకు వెళ్లింది, నిర్ణయం నిర్మాతది అని. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. వాళ్లతో నా గొడవ నేను పడతాను, మీకెందుకు. అయితే ఆ డాక్యుమెంటరీ నుంచి ఒక ముక్క మీ వెబ్‌సైట్‌లో కథనం కింద వీడియోగా పెట్టారు, అది మీ చేతిలో ఉంది. కరెంటు జోకు ఉంచుకోండి, దానికి ఆవిడకు అభ్యంతరం లేదంది. మూడో నిమిషం దగ్గర ఆవిడ కొంగు సర్దుకుని తలుపు వైపు చూస్తుంది, అక్కడి నుంచి బొమ్మ రెండోసారి ‘ఊఁ’ అనేదాకా ఉన్నది కోసేయండి. ముందు అది తీయండి, తీశాకే ఈ ఉత్తరం వేయండి. స్థలం లేక ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు.

మీ పాఠకురాలు,
సికింద్రాబాద్